తమ్మునికి మూడు చీటీలల్ల మూడు పేర్లు, ఏది నమ్మాలె?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర ఊరు, మా తమ్మునికి 29 ఏండ్లు. 2017ల డిగ్రీ అయినంక రెండు నెలలు మంచం దిగలే, నల్లగొండల డాక్టర్ డిప్రెషన్ అని గోలీలు రాస్తే తక్కువైంది. 2020ల మల్ల ఉల్టా, పది రోజులు నిద్ర లేదు, రాత్రి రెండింటికి చుట్టాలందరికి ఫోన్లు, ఉన్న రెండెకరాలకి 600 బత్తాయి మొక్కలు తెచ్చిండు, బోరుల నీళ్లే లెవ్వు. హైదరాబాద్ తీస్కపోతే బైపోలార్ అని లిథియం గోలీలు పెట్టిండ్రు. పోయినేడు చెవులల్ల మాటలు వినపడుతున్నయ్ అంటే ఇంకో డాక్టర్ స్కిజోఅఫెక్టివ్ అని రాసిండు. మా బాపేమో "ఆళ్లకే ఎరుక లేదు, గోలీలు బంద్ చెయ్యుండ్రి" అంటుండు. మొదటాయన తప్పు చెప్పిండా? ఇప్పుడు ఏది నమ్మాలె?
– ఒక అక్క

జవాబు: అమ్మా, ముందుగాల బాపుకు ఇది చదివి వినిపియ్యి. గోలీలు ఆపొద్దు. లిథియం ఒక్కసారే బంద్ చేస్తే ఆ 2020 మల్ల వచ్చే ప్రమాదం ఎక్కువ. పేరు సంగతి తర్వాత తేల్చుకోవచ్చు.

బైపోలార్ అంటే కొన్నాళ్లు మనసు కుంగుడు, కొన్నాళ్లు హద్దు దాటిన హుషారు. దానికి షుగర్ లెక్క రక్తపరీక్ష లేదు, స్కానింగ్ ల కనపడదు. థైరాయిడ్ గిట్ల చూసేది వేరే రోగం ఉందేమో అని. డాక్టర్ కి ఉన్నదల్లా ముందట కూసున్న మనిషి, ఇంటోళ్లు చెప్పే మాట, అంతే. 2017ల మీ తమ్ముని దగ్గర డిప్రెషన్ ఒక్కటే ఉండె, శానామందికి బైపోలార్ మొదలయ్యేదే డిప్రెషన్ తోటి, రాని హుషారును ఎవ్వలు రాస్తరు చెప్పు. జూరిచ్ ల డిప్రెషన్ తోటి దవాఖానల చేరినోళ్లను ఏండ్ల తరబడి చూస్తే, ఏడాదికి నూటికి ఒకరు పూర్తి మేనియా (ఆ హద్దు దాటిన హుషారు) ఉండే బైపోలార్ రకానికి మారిండ్రు, ఇంకో అర శాతం తేలిక రకానికి. ఏడాదికి చిన్న లెక్కే, ఇరవై ఏండ్లకు చూసుకో మరి.

అట్లని మావోళ్లను వెనకేసుకొస్తలేను. బయట నలభై మంది లైన్ల ఉంటే "ఎప్పుడన్నా నిద్ర లేకున్నా మస్తు జోరుగ ఉన్నవా బిడ్డా" అని అడగనోళ్లు ఉన్నరు, నేనూ మర్చిపోయిన రోజులున్నయ్. 2000ల అమెరికాల బైపోలార్ ఉన్నోళ్లను అడిగితే 69 శాతం మంది మొదట మాకు వేరే పేరు పెట్టిండ్రు అన్నరు, మూడోవంతు కంటే ఎక్కువ మందికి సరైన పేరు దొరకనీకె పదేండ్లు, ఆపైన పట్టింది. ఎందుకంటే ఏడ్సినప్పుడు దవాఖానకు తెస్తరు, హుషారుగుంటే ఎవ్వలు తెస్తరు, పిల్లగాడు బాగైండని సంబురపడతరు. ఉల్టా కూడా అయితది. 2008ల అమెరికాలనే ఇంకో పరిశీలనల "నాకు బైపోలార్ అన్నరు" అని చెప్పినోళ్లను పద్ధతిగ ప్రశ్నలడిగి చూస్తే సగం మందికి కూడా అది తేలలే.

మీ మూడు పేర్లల్ల నాకు గట్టిగ కనిపించేది రెండోదే. మేనియా అనాలంటే కనీసం వారం ఉండాలె, తేలిక రకానికి నాలుగు రోజులు. పది రోజులు నిద్ర లేకుండ, నీళ్లు లేని చెల్కకు 600 మొక్కలంటే దాంట్ల అనుమానం తక్కువ. ఒకటి మాత్రం యాది చేసుకో, అప్పుడు ఉత్త డిప్రెషన్ గోలీ ఒక్కటే వాడుతుండెనా? అది కొందరిని అటువైపు నూకుతది.

మూడో పేరు, స్కిజోఅఫెక్టివ్ అంటే మనసు ఎక్కువ తక్కువలతోటి పాటు లేనివి వినపడుడు, కనపడుడు ఉండే రోగం, దాని దగ్గరనే జర ఆగాలె. మాటలు వినపడుడు మేనియాల గూడ ఉంటది, ముదిరిన డిప్రెషన్ ల గూడ ఉంటది. మనసు మామూలుగ ఉన్నప్పుడు కూడా రెండు వారాలు, ఆపైన వినపడితేనే స్కిజోఅఫెక్టివ్ దిక్కు పోవాలె. ఈ పేరు కొన్నేండ్లకు మారుడు కూడా ఎక్కువే. ఇంకో మాట, ఏమనుకోకు, కల్లు తాగుతడా? మా పాలమూరు దిక్కు మత్తుమందు కలిపిన కల్లు అలవాటైనోళ్లు ఒక్కసారే మానితే చేతులు వణుకుతయ్, ఫిట్స్ వస్తయ్, లేని మనుషులు కనపడతరు, లేని మాటలు వినపడతయ్. అది తెల్వకుంటే ఎంత పెద్ద డాక్టరైనా తప్పు పేరు రాస్తడు.

జడ్చర్ల దిక్కు నుంచి ఒకామె కొడుకును తెచ్చింది, చేతుల గోడ క్యాలెండర్ చుట్టుకొని. పిల్లగాడు పండుకోని రాత్రుల మీద పెన్సిల్ తోటి సున్నాలు, మనసు మబ్బుగున్న రోజుల మీద అడ్డగీతలు, మొత్తం రెండేండ్లవి. ముగ్గురు డాక్టర్లం తేల్చంది ఆ క్యాలెండర్ తేల్చింది.

మీరు గూడ అట్లనే మొదలువెట్టుండ్రి. మూడు చీటీలు, టెస్టులు తారీకు ప్రకారం ఒక్క కవర్ల పెట్టి ఇకనుంచి ఒక్క డాక్టర్ కే చూపియ్యుండ్రి. పాత కాయితాలు లేకుంటే ఆ దవాఖానల అడుగుండ్రి, 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద పేషెంట్ కి తన రికార్డు అడిగే హక్కుంది. లిథియం రక్తపరీక్ష రాత్రి గోలీ వేసుకున్న 12 గంటలకు, పొద్దుగాల గోలీ వేసుకోక ముందు ఇయ్యాలె. ఎండల పనిచేసి నీళ్లు తాగకున్నా, అడగకుండ నొప్పుల గోలీలు మింగినా లిథియం పెరిగి విషమైతది, పైలం. ఆ బత్తాయి మొక్కల నర్సరీ బిల్లు ఇంట్ల ఎక్కడన్న ఉంటే అదిగూడ కవర్ల పెట్టుండ్రి, దాని మీద తారీకు ఉంటది.