పాత పెన్షన్ వస్తుందంటున్నారు, సిప్ ఆపేయనా?

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని. 2010లో చేరాను, ఇప్పుడు 46 ఏళ్లు. సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం చెరో వాటా వేసే కొత్త పెన్షన్ పథకం) కిందికి వస్తాను. బేసిక్ 65 వేలు, డీఏ కలిపితే 89 వేల దాకా ఉంటుంది. ఆ వాటాలు పడే ప్రాన్ ఖాతాలో సుమారు 28 లక్షలున్నాయి. మావారికి ఎరువుల షాపు, ఒక సీజన్ ఉన్నట్టు ఇంకో సీజన్ ఉండదు. ఇంటి లోన్ ఈఎంఐ 21 వేలు, ఇంకో 5 ఏళ్లు కట్టాలి. మ్యూచువల్ ఫండులో నెలకు 5 వేలు సిప్ కడుతున్నాను. సీపీఎస్ రద్దు కోసం మా సంఘం సమ్మెకు దిగుతానంటోంది. పది రోజులు జీతం పోతే ఇల్లెలా గడుస్తుందని టెన్షన్. ఇంకోపక్క స్టాఫ్‌రూమ్‌లో అందరూ ‘ఓపీఎస్ (పాత పెన్షన్) రాబోతోంది, నీకు సిప్‌లెందుకు? సీపీఎస్ డబ్బులో 25 శాతం ఇప్పుడే తీసేసుకో, ఓపీఎస్ వస్తే అదంతా ప్రభుత్వానికే పోతుంది’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: టీచర్ గారూ, మీరు మూడు ప్రశ్నలు కలిపి అడిగారు. సమ్మె సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే డబ్బు పరంగా మూడింటిలో అదే చిన్నది.

హెచ్‌ఆర్‌ఏ కలిపి మీ జీతం 95 వేల చుట్టూ ఉంటుంది. ‘నో వర్క్ నో పే’ పెడితే రోజుకు 3,200 లోపు, పది రోజులకు 32 వేల లోపు పోతుంది. ఆ పది రోజులకు ప్రాన్‌లోకి వెళ్లాల్సిన రెండు వాటాలూ, అంటే మరో 6 వేలు, ఆగుతాయి. రిటైరయ్యేనాటికి దాని తేడా 20 వేలు. నష్టమే కానీ, ఇల్లు తలకిందులయ్యేంత కాదు. అసలు ఇబ్బంది ఈఎంఐ తేదీతో. కోత అదే నెల బిల్లులో పడకుండా తర్వాతి నెలలో పడితే, మీరు సమ్మె సంగతి మరిచిపోయిన సమయంలో ఖాతాలో డబ్బు తక్కువై ఈఎంఐ బౌన్స్ అవుతుంది. ఎరువుల షాపులో కూడా అప్పుడే సరుకు దింపుకునే సీజనైతే ఇంట్లో చేతిలో రూపాయి ఆడదు. అందుకని సమ్మె ఉన్నా లేకపోయినా మూడు ఈఎంఐలు, రెండు నెలల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో పెట్టండి. షాపు ఖాతాతో మాత్రం కలపొద్దు.

ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. 1964 నాటి ప్రవర్తనా నియమాలు ప్రభుత్వోద్యోగుల సమ్మెను ఒప్పుకోవు. 2003 జులైలో తమిళనాడులో పెన్షన్, ఇతర ప్రయోజనాల కోతకు వ్యతిరేకంగా సమ్మె చేసిన దాదాపు 1.7 లక్షల మందిని జయలలిత ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల చట్టం) కింద తొలగించింది. సమ్మె చేయడం ఉద్యోగుల హక్కేమీ కాదని సుప్రీంకోర్టు ఆ కేసులోనే చెప్పింది. తర్వాత చాలామందిని వెనక్కి తీసుకున్నారు, అది వేరే సంగతి. మన రాష్ట్రంలో 2024 జనవరిలో అంగన్‌వాడీల సమ్మె మీద ఎస్మా వాడారు. దానికి భిన్నంగా, 2011లో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మె కాలాన్ని తెలంగాణ వచ్చాక అక్కడి ప్రభుత్వం ఉద్యోగులకు అనుకూలంగా సర్దింది. కాబట్టి సమ్మె రోజులు సెలవవుతాయా, డైస్ నాన్ (సర్వీసు లెక్కలోకి రాని రోజులు) అవుతాయా, ఇంక్రిమెంటు మీద పడుతుందా అన్నది సమ్మె ముగిశాక వచ్చే ఉత్తర్వు బట్టే ఉంటుంది. సమ్మె విరమణ చర్చల్లో ఆ ఒక్క మాట రాతపూర్వకంగా తెచ్చుకొమ్మని మీ సంఘం నాయకులకు ముందే చెప్పి ఉంచండి. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం, అది నేను చెప్పే విషయం కాదు. 32 వేల కోసం మానుకోవాల్సిన అవసరం మాత్రం లేదు.

ఇక అసలు లెక్క. సీపీఎస్‌కీ ఓపీఎస్‌కీ తేడా ఎంత అని అడిగితే సంఘం మీటింగుల్లో ఒక అంకె చెప్తారు, ఏజెంట్లు ఇంకో అంకె చెప్తారు. మీ అంకెలతోనే వేసి చూద్దాం.

మీకు 62 దాకా సర్వీసు ఉంది, అంటే ఇంకో 16 ఏళ్లు. ఇప్పుడు మీ 10 శాతం, ప్రభుత్వం 10 శాతం కలిపి నెలకు 17,800 ప్రాన్‌లో పడుతోంది. ఇంక్రిమెంట్లు, డీఏ, పీఆర్సీలు (జీతాల సవరణలు) కలిపి జీతం ఏటా సగటున 6 శాతం పెరుగుతుందనుకుందాం. రాబడి 8 శాతం వేశాను. ప్రభుత్వోద్యోగుల డిఫాల్ట్ పథకంలో షేర్ల వాటా తక్కువే, ఎక్కువ భాగం బాండ్లే. కాబట్టి 12, 13 శాతం వేసి చూపించే వాళ్లని నమ్మకండి. ఈ లెక్కన 62వ ఏట మీ నిధి కోటీ 90 లక్షల దాకా అవుతుంది.

అందులో కనీసం 40 శాతం, అంటే 76 లక్షలు, యాన్యుటీ (బీమా కంపెనీకి ఒకేసారి సొమ్ము కడితే నెల నెలా వచ్చే పెన్షన్) కొనాలి. ఆరున్నర శాతం చొప్పున నెలకు 41 వేలు వస్తుంది. మిగిలిన కోటీ 14 లక్షలు చేతికొస్తాయి, పన్ను లేదు. దాని మీద ఏటా 6 శాతం తీసుకుంటే నెలకు ఇంకో 57 వేలు. మొత్తం 98 వేలు.

ఓపీఎస్ ఉంటే? అప్పటికి మీ బేసిక్, డీఏ కలిపి 2 లక్షల 26 వేల దగ్గర ఉంటాయి. అందులో సగం, 1 లక్షా 13 వేలు. గ్రాట్యుటీ సీపీఎస్ వాళ్లకూ వర్తింపజేశారు కనుక దాన్ని రెండువైపులా వదిలేశాను.

98 వేలకూ 1 లక్షా 13 వేలకూ తేడా 15 వేలే కదా, దీనికోసమేనా ఇంత పోరాటం అనిపిస్తుంది. ఎన్‌పీఎస్ (సీపీఎస్ డబ్బు నడిచే జాతీయ పెన్షన్ వ్యవస్థ) బాగానే ఉందని వాదించేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. కానీ పెన్షన్‌ని మొదటి నెలలో కొలిస్తే తప్పుడు లెక్క వస్తుంది. మీకు 77 ఏళ్లు వచ్చేసరికి చూడండి. ధరలు ఏటా 5 శాతం పెరిగితే అప్పటికి రెట్టింపు దాటతాయి. ఓపీఎస్ పెన్షన్ మీద డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భత్యం) వస్తూ ఉంటుంది, కాబట్టి అదీ ధరలతోపాటు పెరిగి 2 లక్షల 35 వేల దగ్గరుంటుంది. మధ్యలో వచ్చే పీఆర్సీలు, వయసు మీద పడ్డాక ఇచ్చే అదనపు పెన్షన్ ఇందులో కలపలేదు. మీ యాన్యుటీ? అదే 41 వేలు. రిటైరైన రోజుల్లో 20 వేలకు వచ్చిన సరుకే దానికి వస్తుంది. ఏటా పెరిగే యాన్యుటీలూ ఉన్నాయి, కాకపోతే మొదటి నెల మొత్తం బాగా తగ్గించి ఇస్తారు.

సీపీఎస్ ఉద్యోగి మోసే రిస్కు ఇదీ. పాత పెన్షన్‌లో ధరల పెరుగుదల భారం ప్రభుత్వానిది, మార్కెట్ పడితే పడే భారమూ దానిదే. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన వాళ్ల మీద ఆ రెండూ పెట్టారు. ఏటా సెప్టెంబరు 1న నల్ల బ్యాడ్జీలు పెట్టుకొని చేసే నిరసన వెనక ఉన్న లెక్క ఇదే. ఉద్యోగుల బాధ నిజమే. ప్రభుత్వాల బాధా నిజమే, పెన్షన్ల పద్దు ఏటా పెరుగుతూ పోతుంది. ఆ వాదన ఇక్కడ వద్దు.

మరి పోరాటాలతో ఓపీఎస్ వస్తుందా? ఇప్పటిదాకా జరిగింది చూడండి. మన దగ్గర 2019 ఎన్నికల ముందు అధికారంలోకి వస్తే వారంలో సీపీఎస్ రద్దు అన్న హామీ వచ్చింది. చివరికి 2023లో వచ్చింది జీపీఎస్ (హామీ పెన్షన్) చట్టం, చివరి బేసిక్‌లో 50 శాతానికి హామీతో. సంఘాలు ఒప్పుకోలేదు. మహారాష్ట్రలో 2023 మార్చి 14 నుంచి వారం రోజులు లక్షల మంది ఉద్యోగులు పాత పెన్షన్ కోసమే సమ్మె చేశారు. ప్రభుత్వం హామీ ఇచ్చాక విరమించారు. ఆ రాష్ట్రం ఆ మరుసటి ఏడాది ఆమోదించింది ఓపీఎస్ కాదు, కేంద్రం తెచ్చిన యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం). కేంద్ర ఉద్యోగులకు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ యూపీఎస్‌లో 25 ఏళ్ల సర్వీసుంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్, దాని మీద డీఆర్, భార్య లేదా భర్తకు 60 శాతం ఫ్యామిలీ పెన్షన్ ఉన్నాయి. కాకపోతే ఉద్యోగి వాటా కోత ఆగదు.

రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, హిమాచల్ లాంటి రాష్ట్రాలు పూర్తిగా ఓపీఎస్‌కి వెళ్లామన్నాయి. వెళ్లాక తెలిసిందేమిటంటే, ఎన్‌పీఎస్‌లో పోగైన ఉద్యోగుల డబ్బును రాష్ట్రాలకు తిరిగిచ్చే వెసులుబాటు చట్టంలో లేదని కేంద్రం చెప్పేసింది.

వీటన్నిటినీ చూశాక నా అంచనా ఇది: మీరు రిటైరయ్యేలోపు సీపీఎస్ ఇప్పుడున్నట్టు ఉండదు. అలాగని అచ్చం పాత పెన్షన్ వస్తుందనీ అనుకోను. మధ్యలో ఏదో వస్తుంది, ఎప్పుడు ఏ షరతులతో అన్నది సంతకం పడేదాకా ఎవరూ చెప్పలేరు. కాబట్టి మీ ఇంటి బడ్జెట్‌లో ఓపీఎస్‌ని సున్నా వేయండి. వస్తే వచ్చినట్టు.

అందుకే సిప్ ఆపకండి, పెంచండి. వచ్చే ఇంక్రిమెంటు నెల నుంచి 5 వేలను 8 వేలు చేయండి. ఐదేళ్ల తర్వాత లోన్ తీరిన నెలలోనే ఆ 21 వేల ఈఎంఐని కూడా సిప్‌లో కలిపి 29 వేలు కట్టండి. ఆ నెలే చేయాలి. ఒక్క నెల ఖాళీ ఇస్తే ఆ 21 వేలకు కారు ఈఎంఐ వచ్చి కూర్చుంటుంది, ఎంతమంది ఇళ్లల్లో చూశానో. రాబడి 10 శాతం అనుకుంటే 62 నాటికి 85 లక్షల దాకా పోగవుతుంది. మీ ప్రాన్ నిధిలో ఎక్కువ భాగం బాండ్లే గనుక ఈ సిప్ ఒక నిఫ్టీ ఇండెక్స్ ఫండులో ఉండొచ్చు. 58 దాటాక కొంచెం కొంచెంగా డెట్ ఫండ్లకో ఎఫ్‌డీలకో మార్చుకోండి.

ఈ 85 లక్షలు రిటైరైన రోజు ముట్టుకోవడానికి కాదు. మొదటి ఏడెనిమిదేళ్లు ఆ 98 వేలతో గడిచిపోతుంది. ఆ తర్వాత యాన్యుటీ చాలకుండా పోయినప్పుడు దీన్నుంచి తీసుకోవడం మొదలుపెట్టాలి. డీఆర్ లేని లోటును మీరే పూడ్చుకోవడమన్నమాట. ఒకవేళ ఓపీఎస్ వచ్చిందే అనుకోండి, పెన్షనూ ఉంటుంది, 85 లక్షలూ ఉంటాయి. పిల్లల పెళ్లిళ్ల నాటికి అది ఎక్కువైందని బాధపడేవాళ్లని నేనింకా చూడలేదు. పన్ను మిగులుతుందని ప్రాన్‌లోనే అదనంగా కట్టమని ఎవరైనా చెప్తే మాత్రం వద్దు. అక్కడ కట్టిన దానిలోనూ 40 శాతం మళ్లీ అదే పెరగని యాన్యుటీలోకి పోతుంది.

ఇక 25 శాతం సంగతి. స్టాఫ్‌రూమ్‌లో అనుకుంటున్నట్టు అది 28 లక్షల్లో 25 శాతం కాదు. మీ సొంత వాటాగా కట్టిన దానిలో 25 శాతం మాత్రమే. ప్రభుత్వ వాటా, పెరిగిన లాభం లెక్కలోకి రావు. మీ వాటా 8 లక్షల చుట్టూ ఉంటుందనుకుంటే వచ్చేది 2 లక్షలు. అదీ పిల్లల పైచదువు, పెళ్లి, ఇల్లు, పెద్ద జబ్బు లాంటి కారణాలకే. ఆ 2 లక్షలు అక్కడే ఉంటే 62 నాటికి 7 లక్షలకు దగ్గరవుతాయి. ఓపీఎస్ వస్తే ప్రభుత్వం లాగేసుకుంటుందన్న భయంతో తీయడంలో అర్థం లేదు. పాత పెన్షన్‌కి మారిన చోట, మధ్యలో తీసుకున్న సొమ్ము వెనక్కి కట్టమనే షరతులు వచ్చాయి. పిల్లల పైచదువు ఫీజుకు నిజంగా చాలకపోతే, పర్సనల్ లోన్ కంటే ఇది నయం. అంతకుమించి దీని జోలికి వెళ్లొద్దు.

మీరు అడగని పని ఒకటుంది. ఈ ఆదివారం ప్రాన్ లాగిన్ అయ్యి 2010 నుంచి లావాదేవీల స్టేట్‌మెంటు డౌన్‌లోడ్ చేసుకోండి. పక్కన పే స్లిప్పులు పెట్టుకొని నెల నెలా టిక్ కొట్టండి. ప్రతి నెలకూ రెండు పద్దులుండాలి, మీ వాటా ఒకటి, ప్రభుత్వ వాటా ఒకటి, రెండూ సమానంగా. నా దగ్గరికొచ్చే స్టేట్‌మెంట్లలో పదే పదే కనిపించేవి మూడు. బదిలీ అయిన నెల ఖాళీగా ఉండటం, డీఏ ఎరియర్స్‌లో కోసిన 10 శాతం జమ కాకపోవడం, జీతంలో కోత పడ్డాక నాలుగైదు నెలలకు గానీ ఖాతాలో పడకపోవడం. ఎనిమిదేళ్ల కిందటి ఒక నెల జమ కాకపోతే పోయింది ఆ నెల సొమ్ముతోపాటు ఎనిమిదేళ్ల రాబడి కూడా. తప్పిపోయిన నెలలన్నీ ఒక కాగితం మీద పట్టికగా రాసి, జీతం బిల్లుల టోకెన్ నంబర్లు దొరికితే అవీ వేసి, డీడీఓ గారికి (మీ జీతం బిల్లు పెట్టే అధికారికి) ఇచ్చి రసీదు తీసుకోండి. ఆయన దాన్ని ట్రెజరీకి పంపాలి. నోటిమాటగా చెప్తే ఈ పని ఎప్పటికీ కాదు. లాగిన్‌లోనే నామినీ పేరు కూడా చూసుకోండి, పెళ్లికి ముందు చేరిన టీచర్లలో చాలామందికి ఇప్పటికీ అక్కడ నాన్నగారి పేరే ఉంటుంది.