ప్యాడ్లు వేసే ముందు డిస్కు మందం కొలిపించు

కడప.

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నీ జాబు చదివాను. పోయేటప్పుడు నాపరాళ్లు, వచ్చేటప్పుడు మదనపల్లె నుంచి టమోటా బాక్సులు, పికప్‌కు బాడుగలు బాగానే దొరుకుతున్నాయంటే సంతోషం. అయితే గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణుకుతోందని, ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మారిస్తే సరిపోతుందని షెడ్డులో అన్నారని రాశావే, ఆ మాట నాకు నచ్చలేదు. వట్టి ప్యాడ్లు మారిస్తే ఆ వణుకు పోదు. చక్రంతోపాటు తిరిగే ఇనుప డిస్కు మీద గీతలు పడి ఉంటే, దాన్ని నొక్కిపట్టే కొత్త ప్యాడ్ ఆ గీతల గట్ల మీదే ఆనుతుంది. ఆ కాస్త చోటే కాలి నున్నగా మెరుగెక్కుతుంది, పట్టు తగ్గుతుంది. డబ్బులు పోతాయి, రోగం అట్లే ఉంటుంది.

వణుకు స్టీరింగులో తెలిస్తే తప్పు చాలావరకు ముందు డిస్కులది. స్టీరింగు నిదానంగా ఉండి సీటు కింద, పెడల్‌లో మాత్రమే కొడుతుంటే వెనక బ్రేకు డ్రమ్ము గుండ్రం తప్పిందేమో చూడాలి. బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగితే, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ బిగుసుకుందని అనుమానించు. సన్నగా కీచుమంటే ప్యాడ్ అరుగుదల చెప్పే రేకు డిస్కుకు తగులుతోందని. గరగరమంటే ప్యాడ్ మీది రాపిడి మందు అంతా అయిపోయి ఇనుముకు ఇనుము రాసుకుంటోందని. గరగర మొదలైనాక ఇంకో బాడుగకు పోవద్దు.

"డిస్కు వంకర పోయింది" అని షెడ్లలో అందరూ అంటారు. నిజానికి వంకర పోయేవి తక్కువ. ఒకచోట మందంగా, ఒకచోట పలచగా అరగడమో, వేడి డిస్కు మీద ప్యాడ్ మందు మచ్చలుగా అంటుకోవడమో ఎక్కువ. మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా ఉన్నా కాలికి తెలిసిపోతుంది. ఆ తేడా వెర్నియర్ కొలబద్దకు అందదు. పైగా డిస్కు బయటి అంచున అరగని గట్టు ఒకటి మిగులుతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద ఆనుకుని ఉన్నదాని కన్నా ఎక్కువ మందం చూపిస్తాయి. కాబట్టి మైక్రోమీటర్ ఉన్న లేత్ షాపుకు పో. అంచు నుంచి 10, 15 మిల్లీమీటర్లు లోపలికి, చుట్టూ ఎనిమిది చోట్ల కొలిపించి కాగితం మీద రాయించుకో.

డిస్కు అంచున గానీ, నడుమ టోపీలాంటి భాగం మీద గానీ కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. తుప్పు పట్టి ఉంటే వైర్ బ్రష్‌తో రుద్దితే కనిపిస్తుంది. లేత్ పట్టించి పైపొర కోయించాలా, కొత్తది వేయాలా అన్నది ఆ నంబరే తేలుస్తుంది. లెక్క ఇట్లా వేసుకో: కనీసం 20 అని ఉంది, నీ డిస్కు 21.2 ఉంది అనుకుందాం. గీతలు పోవాలంటే ఒక్కో పక్క 0.3 చొప్పున తీయాలి. 20.6 మిగులుతుంది. కనీసం కన్నా ఎక్కువే, సరే అంటారు షాపులో. కానీ కొత్త ప్యాడ్లు అరిగేలోగా డిస్కు కూడా అరుగుతుంది కదా, ఆ 0.6 ఎన్నాళ్లు నిలుస్తుంది? పలచబడిన డిస్కులో ఇనుము తక్కువ, అందుకే తొందరగా కాగుతుంది. చదును రోడ్లలో తిరిగే బండికైతే లేత్ పట్టించమనేవాణ్ని. లోడుతో ఘాట్ దిగే నీ బండికి, లేత్ పట్టినాక కనీసం మీద ఒక మిల్లీమీటరైనా మిగలకపోతే కొత్తవే వేయించు. పగుళ్లు అంచుదాకా పాకినా, నీలం మచ్చలు దట్టంగా ఉన్నా కొలతతో పనిలేదు, అది పాత ఇనుము కిందికే.

లేత్ పట్టిస్తే రెండు పక్కలా సమానంగా తీయాలి, కోత కొంచెం కొంచెంగా పోవాలి. ఒకేసారి లోతుగా కోస్తే ఉపరితలం మర చుట్లు తిరిగినట్టు వస్తుంది, ప్యాడ్ దాని వెంబడి పక్కకు జరిగి టక్కుమని శబ్దం చేస్తుంది. చివర 120 నంబరు ఉప్పు కాగితంతో అడ్డదిడ్డంగా రుద్దించి, సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టు. కంటికి కనపడని ఇనుప పొడి కడిగితేనే పోతుంది. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది. దాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి గానీ కిరసనాయిలు, డీజిల్ వద్దు, వాటి జిడ్డు ప్యాడ్‌లోకి ఇంకుతుంది. లేత్ పట్టినా, కొత్తది వేసినా ఎడమ కుడి రెండూ ఒకేసారి చేయాలి. ప్యాడ్లూ అంతే, నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే సెట్‌వి. మందు 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయ్, రేకు అరిచేదాకా ఆగొద్దు.

విప్పేటప్పుడు దగ్గరుండు. బండి చదును నేల మీద, లోడు లేకుండా ఉండాలి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు సడలించి, తర్వాత జాకీ ఎత్తి స్టాండు పెట్టాలి. జాకీ మీద నమ్మకంతో ఎవరినీ కిందికి దూరనివ్వొద్దు. బ్రేకు దుమ్మును గాలి పైపుతో ఊదనివ్వొద్దు, పాత మందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, ముక్కుకు మాస్కు పెట్టుకోమను. క్యాలిపర్ విప్పినాక హోస్ పైపుకు వేలాడదీయకుండా కట్టు తీగతో చాసిస్‌కు కట్టాలి. ఆ బరువుకు హోస్ లోపలి పొర చిరిగితే పైకి ఏమీ కనపడదు.

ఇప్పుడు పాత ప్యాడ్లు పక్కపక్కన పెట్టి చూడు. అసలు సంగతి అవే చెప్తాయి. లోపలిది, బయటిది సమానంగా అరిగుంటే మంచిదే. ఒకటి 6 మిల్లీమీటర్లు, ఇంకోటి 2 ఉంటే క్యాలిపర్ జరిగే పిన్నులైనా, దాని పిస్టనైనా బిగుసుకుందని. ప్యాడ్ ఒక కొన పలచగా, ఒక కొన మందంగా ఉన్నా అదే అనుమానం. దాన్ని సరిచేయకుండా కొత్తవి వేస్తే అవీ అట్లే అరుగుతాయి. పిన్నులు బయటికి లాగి, పాత జిడ్డు తుడిచి, రబ్బరు తొడుగులు చిరిగుంటే మార్చి, బ్రేకుకు వాడే సిలికాన్ గ్రీజు పలచగా పూయించు. బేరింగుల గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పూసినాక పిన్ను చేతి వేళ్లతోనే లోపలికీ బయటికీ ఆడాలి.

పిస్టన్ వెనక్కి నెట్టేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు, తొడుగు చిరుగుతుంది. పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ-క్లాంపుతో మెల్లగా నొక్కాలి. అప్పుడు బ్రేక్ ఆయిల్ పైన డబ్బాలోకి పొంగుతుంది. మూత తీసి, ముందే కొంచెం సిరంజితో తీసేయాలి. ఆ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లు పోసి కడుగు.

డిస్కు కూర్చునే హబ్బు (చక్రం బిగించే నడిమి ఇనుము) ముఖం మీద తుప్పు పొర ఉంటే ఎంత కొత్త డిస్కైనా ఊగుతుంది. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇక్కడే. వైర్ బ్రష్‌తో ఇనుము కనపడేదాకా రుద్ది, డిస్కు ఎక్కించి, రెండు మూడు నట్లు బిగించి, ఊపు కొలిచే డయల్ గేజి పెట్టి తిప్పి చూడాలి. ఊపు 0.1 మిల్లీమీటరు దాటకూడదు, 0.05 లోపు ఉంటే నిశ్చింత. కొన్ని పికప్‌లకు డిస్కు హబ్బు వెనక బోల్టులతో ఉంటుంది, హబ్బు మొత్తం దించాలి. నీది అట్లాంటిదైతే బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టి, ఆయిల్ సీలు తప్పక మార్పించు. పాత సీలు కారితే గ్రీజు నేరుగా కొత్త డిస్కు మీదికే వస్తుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినాక 140కే మరగొచ్చు. డాట్ 4కు అవి 230, 155. ఘాట్‌లో మరిగి ఆవిరి పుట్టిందంటే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్లు దాటిన ఆయిల్ అయితే ఈ పనితోపాటే మొత్తం తీసి కొత్తది పోయించి, ఎయిర్ తీయించు. ఏ డాట్ అన్నది డబ్బా మూత మీదే ఉంటుంది. సీల్ విప్పి మిగిలిపోయిన పాత డబ్బాలోది పోయనివ్వొద్దు.

ఇంకోటి, వెనక డ్రమ్ముల్లోని బ్రేకు షూలు అడ్జస్టు చేయకుండా వదిలితే లోడు భారమంతా ముందు డిస్కులే మోస్తాయి. నీ డిస్కులు ఇంత తొందరగా అరిగిన కారణం అదే కావొచ్చు. వెనక డ్రమ్ములు కూడా విప్పించి చూడు.

చక్రం నట్లు ఎదురెదురుగా, మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు బిగించాలి. గాలి గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే బాగున్న డిస్కు కూడా ఒరుగుతుంది. అంతా అయినాక, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పదిసార్లు తొక్కు. పిస్టన్లు వెనక్కి పోయి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుకు పెడల్ నేలకు తగులుతుంది. ఇది మరిచి గేరు వేస్తే షెడ్డు గోడకే కొడతావు.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయాలి. తెల్లవారుజామున, వెనక బండ్లు లేని చదును రోడ్డు మీద, లోడు లేకుండా 60 వేగం నుంచి 10కి మెత్తగా దించు, పూర్తిగా ఆపొద్దు. మళ్లీ వేగం ఎక్కించు. నడుమ అర నిమిషం, నిమిషం చల్లారనిచ్చి ఎనిమిది, పదిసార్లు చేయి. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లార్చు. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ మందు ఒకేచోట అంటుకుని మళ్లీ వణుకు పుడుతుంది. మొదటి 300 కిలోమీటర్లు లోడు తగ్గించు, ఘాట్ వైపు పోవద్దు.

ఘాట్ దిగేటప్పుడు, ఎక్కడానికి వేసే గేరులోనే దిగు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేసి ఇంజన్ ఆపేవాళ్లను చూసి నేర్చుకోవద్దు. ఇంజన్ ఆగితే, పెడల్‌కు బలమిచ్చే బూస్టరుకు వాక్యూమ్ రాదు, రెండు మూడు తొక్కులకే పెడల్ రాయి అవుతుంది.

100 కిలోమీటర్లు తిరిగినాక చక్రాలు చల్లగా ఉన్నప్పుడు నట్లు మళ్లీ టార్కు చూసుకో, డబ్బాలో ఆయిల్ మట్టం చూడు. నాలుగు చక్రాల లోపలి వైపూ టార్చి వేసి ఎక్కడైనా తడి ఉందేమో చూడు. తడి కనిపిస్తే లోడు ఎత్తొద్దు, నాకు ఫోన్ చేయి.

మీ మామ