ఫోన్ బీరువాలో పెట్టేశాం అక్కా

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. పాపకు 16 ఏళ్లు, పీయూసీ మొదటి ఏడాది. ఇన్‌స్టాలో ఉన్న దాని ఫొటో తీసుకుని, ఏదో యాప్‌లో బట్టల్లేనట్టు మార్చి, దొంగ అకౌంట్ నుంచి దానికే పంపారు. 'మాట్లాడకపోతే గ్రూపులో పెడతా' అని బెదిరింపు. క్లాసులో అబ్బాయే అని పాప అనుమానం. మా ఆయన ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టేశారు, కాలేజీ మాన్పిస్తానంటున్నారు. కాలేజీవాళ్లేమో బయటికి పొక్కితే పాపకే చెడ్డపేరు అంటున్నారు. స్టేషన్ మెట్లెక్కాలంటే భయం. ఏం చేయమంటారక్కా?
- ఒక తల్లి, బెంగళూరు

జవాబు: ముందు బీరువా తాళం తీయమ్మా. సాక్ష్యమంతా ఆ ఫోన్‌లోనే ఉంది. కోపంలో ఎవరూ ఆ చాట్ చెరిపేయకండి, ఆ అబ్బాయి ఇంటిమీదికి గొడవకీ పోకండి. అకౌంట్ పేరు, లింకు, మెసేజ్ వచ్చిన తేదీ, టైము కాగితం మీద రాసిపెట్టు. బెదిరించిన మాటలకు స్క్రీన్‌షాట్ తీయి. ఆ బొమ్మను మాత్రం 'చూడన్నా, ఎంత పని చేశాడో' అని మీ అన్నకు కూడా పంపొద్దు. 18 ఏళ్లలోపు పిల్లలవైతే అలాంటివి పంచడమే నేరం. మార్ఫింగ్ చేసినవి కూడా అంతే, 2019లో పిల్లలపై లైంగిక నేరాలకు ఉన్న పోక్సో చట్టాన్ని సవరించి ఆ సంగతీ చేర్చారు.

స్టేషన్ భయం అన్నావు. పోక్సోలో పాప వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, వచ్చేవాళ్లు యూనిఫాంలో ఉండకూడదు. పాప పేరు, ఫొటో పత్రికల్లో వేయకూడదు. ఇంతకీ ఆ మెట్లు ఎక్కాల్సింది పాప కాదు, నువ్వూ మీ ఆయనా. బెంగళూరులో సైబర్ నేరాలకు పోలీస్ స్టేషన్లు వేరుగా ఉన్నాయి. దారి తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయి.

కాలేజీవాళ్లకు ఒక్క మాట చెప్పు: ఇలాంటిది తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. వాళ్ల గొంతు మారుతుంది చూడు. ఆ అబ్బాయీ మైనరే అయితే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు పోతుంది. వాడి బతుకు ఏమైపోతుందోనని మీరు బెంగపడక్కర్లేదు.

ఫొటో బయటికి పోతుందన్న టెన్షన్‌కు 'టేక్ ఇట్ డౌన్' అని ఒక ఉచిత సేవ ఉంది, 18 ఏళ్లలోపు పిల్లల కోసమే. ఫొటో మన ఫోన్ దాటి పోదు. దానికో వేలిముద్రలాంటి కోడ్ తయారై ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాంటివాటికి చేరుతుంది. అదే బొమ్మ అక్కడ పెడితే గుర్తుపట్టి తీసేయడానికి వీలవుతుంది. వాట్సాప్‌లో మాత్రం ఇది పనిచేయదు.

ఇక మీ ఆయన సంగతి. నా డిగ్రీ రోజుల్లో కాలేజీ ప్రహరీ మీద ఎవరో బొగ్గుతో నా పేరు రాసి, పక్కన ఒక బూతు రాశారు. నాన్న నన్ను పదిహేను రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. గోడకు రెండో రోజే సున్నం వేశారు. రాసినవాడు ఒక్క క్లాసూ మానలేదట. నేను మాత్రం ఆ ఏడు ఒక పేపరు తప్పాను. నాన్న మీద ఆ కోపం నాకు ఇప్పటికీ కొంచెం ఉంది. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించు.

సోమవారం పాపను కాలేజీకి పంపు. మొదటిరోజు మెట్రోలో ఆయన్నే తోడు వెళ్లమను.