చెరువు నిండుగా ఉన్నా కుళాయి రెండు రోజులకోసారే ఎందుకు?

అడిగిన ప్రశ్న ఇది: "మా ఊళ్లో సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు నిండుగా ఉంది. అయినా రెండు రోజులకోసారి, అదీ గంటసేపే నీళ్లు వదులుతారు. వీధి మొదట్లో ధారగా వస్తాయి, చివర మా ఇంటికి దారంలా వస్తాయి. మొదటి రెండు బిందెలు మట్టి రంగు. చిన్న నగరంలో మంచినీళ్లు అసలు ఎలా నడుస్తాయి?"

మీరన్న సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు అంటే ఎండాకాలానికి నీళ్లు దాచుకునే చెరువే. మీ ఇబ్బందికి మూలం ఆ చెరువులో లేదు. రెండు రోజుల్లో 47 గంటలు వీధి కింద ఖాళీగా పడి ఉండే పైపులో ఉంది. అయితే చెరువు లెక్క ముందు చూడాలి, ఎందుకంటే ప్రతిసారీ దాన్నే సాకుగా చెబుతారు.

ఒంగోలునే తీసుకోండి. 2011 లెక్కల నాటికే రెండు లక్షలు దాటిన జనాభా. పక్కన జీవనది లేదు, గుండ్లకమ్మ వానల మీద బతికే ఏరు. నాగార్జునసాగర్ కుడి కాల్వలో ఒంగోలు బ్రాంచి పారినన్నాళ్లు రామతీర్థం రిజర్వాయరు మీదుగా నీళ్లు తెచ్చి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులు నింపుకోవాలి. కాల్వ కట్టేశాక అవే దిక్కు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం భూగర్భ మురుగు లైన్లున్న ఊళ్లకు మనిషికి రోజుకు 135 లీటర్లు. రెండు లక్షల మందికి 2.7 కోట్ల లీటర్లు, ఇంజినీర్ల మాటలో 27 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు). కాల్వ 90 రోజులు ఆగితే 243 కోట్ల లీటర్లు నిల్వ ఉండాలి. అయిదు మీటర్ల లోతున అన్ని నీళ్లు నిలవాలంటే 120 ఎకరాల చెరువు కావాలి. ఎండాకాలం రోజుకు ఏడు మిల్లీమీటర్లు ఆవిరైతే 90 రోజుల్లో 63 సెంటీమీటర్లు పోతాయి, అంటే ఊరికి పదకొండు రోజుల నీళ్లు. అడుగున అర మీటరు బురద నీళ్లు పంపు లాగకూడనివి, అవి ఇంకో తొమ్మిది రోజులవి. కట్ట మీద నిలబడి చూస్తే సముద్రంలా కనిపించే చెరువులో ఇరవై రోజుల నీళ్లు మనవి కావు.

అందుకని ఏప్రిల్, మే నెలల్లో తగ్గించి వదలడం న్యాయమే. కాల్వ నిండా పారే అక్టోబరులో కూడా రెండు రోజులకోసారే వదులుతుంటే మాత్రం చెరువును నిందించకూడదు.

శుద్ధి కేంద్రం సంగతి త్వరగా చెప్తాను. నీళ్లలో పటిక కలిపి, మెల్లగా చిలికి, మడ్డి కిందికి దించి, ఇసుక ఫిల్టర్లలోంచి వడకడతారు. లీటరుకు 30 మిల్లీగ్రాముల మోతాదైనా 27 ఎంఎల్‌డీకి రోజుకు 810 కిలోల పటిక పడుతుంది. ఆ మోతాదు జార్ టెస్ట్ చేసి తేల్చాలి: ఆరు గాజు పాత్రల్లో ఆరు మోతాదులు వేసి, ఒక నిమిషం వేగంగా, పావుగంట నిదానంగా తిప్పి, అరగంట తేరనిచ్చి, ఏ పాత్ర తేటగా ఉందో చూడాలి. కాల్వ నీటి రంగు మారిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి. దీన్ని మానేసి పటిక దిమ్మల్ని నేరుగా ఛానల్లో పడేసే చోట్ల పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ కరుగుతుంది, మడ్డి ఫిల్టరు దాకా వచ్చేస్తుంది. ఎండాకాలం చెరువులో పెరిగే నాచు ఇంకో బాధ. రోజంతా నడవాల్సిన ఫిల్టరు ఎనిమిది గంటలకే పూడుకుపోయి, కింది నుంచి పైకి నీళ్లు పంపి వెనక్కి కడగమంటుంది. కడగకుండా సాగదీస్తే ఇసుకలో మట్టి ఉండలు కట్టి, నీళ్లు ఆ పక్కల్లోంచి వడపోత లేకుండా జారిపోతాయి.

క్లోరిన్ దగ్గర కాస్త ఆగాలి. పది లక్షల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు లీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున రెండు కిలోల క్లోరిన్ కావాలి. కొత్త బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం క్లోరిన్ ఉంటే ఆరు కిలోలు చాలు. అదే బస్తా మూతి విప్పి పంప్ హౌస్ మూల, వేడిలో, చెమ్మలో నెలల తరబడి పెడితే 15 శాతానికి పడిపోతుంది. అప్పుడు 13 కిలోలకు పైగా వేయాలి. రిజిస్టరులో మాత్రం అదే ఆరు కిలోలు రాస్తూ పోతారు. పౌడర్‌ను పొడిగా ట్యాంకులో కుమ్మరించడం ఇంకో తప్పు. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నపు మడ్డి అడుక్కి దిగాక పై తేట మాత్రమే పోయాలి. వాల్వు తిప్పడానికి కనీసం అరగంట ముందు ఇది అయిపోవాలి, క్లోరిన్ పని చేయడానికి ఆ వ్యవధి కావాలి. ట్యాంకు దగ్గర ఎంత చూపించిందన్నది ముఖ్యం కాదు. లైను చిట్టచివరి ఇంటి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. నమూనా ఎప్పుడూ ఆ ఇంట్లోనే తీయాలి.

ఇక మీ వీధి. తెల్లవారుజామున 5 గంటలకు వాల్వు ఆపరేటరు చాంబరు మూత తీసి, వాల్వు తిప్పే పొడవాటి ఇనుప కీ దింపి, స్లూయిస్ వాల్వు తిప్పడం మొదలుపెడతాడు. కింద పైపు ఖాళీగా ఉంది. నాలుగంగుళాల పైపు ఒక కిలోమీటరు పొడవుకు 7,850 లీటర్లు పడుతుంది, ఆరంగుళాలదైతే 17,700 లీటర్లు. ఆ నీళ్లు నిండేదాకా చివరి ఇళ్లకు చుక్క రాదు. పైపులో ఉన్న గాలి ఎటో పోవాలి. ఎయిర్ వాల్వు పని చేయకపోతే అది కుళాయిల్లోంచే బుస కొడుతూ వస్తుంది. మీటరున్న ఇంట్లో ఆ గాలికే ముల్లు తిరుగుతుంది. వాల్వు తొందరగా తిప్పితే గాలీ నీళ్లూ కలిసి ముందుకు దూసుకెళ్లి వంపుల దగ్గర జాయింట్లను గుద్దుతాయి. పైపులు పగిలే ప్రమాదం ఆ కొద్ది నిమిషాల్లో ఎక్కువ. రెండు రోజులుగా తడి ఆరీ ఆరకుండా ఉన్న గోడలకు పట్టిన తుప్పు, జిగురు పాకుడు ఆ మొదటి ఉరవడికి ఊడి వస్తాయి. మీ మట్టి రంగు బిందెలు అవే. పోసిన క్లోరిన్‌లో కొంత ఆ పాకుడే తినేస్తుంది.

5:15కి పైపు నిండిందనుకుందాం. మిగిలింది 45 నిమిషాలు. నలుగురున్న ఇంటికి రెండు రోజులకు 1,080 లీటర్లు కావాలి, అంటే నిమిషానికి 24 లీటర్లు రావాలి. అరంగుళం కుళాయి మంచి ప్రెషర్ ఉన్నా నిమిషానికి 10, 12 లీటర్ల కన్నా ఇవ్వదు. లెక్కే కుదరలేదు. అందుకే వీధి మొదటి ఇంటాయన కుళాయి లైనుకు అర హెచ్‌పీ మోటారు బిగిస్తాడు, నిమిషానికి 30 లీటర్ల దాకా లాగుతాడు. పక్కింటివాళ్లు చూసి వాళ్లూ బిగిస్తారు. మూడో ఇంటి దగ్గరికే పైపులో ప్రెషర్ సున్నా. మీ ఇల్లు మెరకలో ఉంటే ఇక చెప్పేదేముంది. మొదటి ఇంటి సంపులో, నిండగానే నీళ్లు ఆపేసే బాల్ వాల్వు లేకపోతే అది నిండి మురుగు కాల్వలోకి పొర్లుతూనే ఉంటుంది, అదే సమయంలో మీ బిందెలో దారం సాగుతూ ఉంటుంది. ఒక అంతస్తు ఇంటికి ఏడు మీటర్లు, రెండంతస్తులకు పన్నెండు మీటర్ల ప్రెషర్ (నీళ్లు అంత ఎత్తుకు ఎక్కగల బలం) మిగలాలన్న 1999 నాటి మార్గదర్శకం కూడా ఇలాంటి వీధిలో కాగితం మీదే ఉంటుంది.

మోటారు చేసే అసలు హాని అది కూడా కాదు. పైపులో నీళ్ల కన్నా వేగంగా మోటారు లాగినప్పుడు లోపల ప్రెషర్ బయటి గాలి కన్నా పడిపోతుంది. అప్పుడు పగులు నుంచి నీళ్లు బయటికి కారవు, బయటివి లోపలికి వస్తాయి. మన ఊళ్లలో ఇంటి కనెక్షన్ పైపు మెయిన్ లైను దగ్గర ఫెర్రూల్ (మెయిన్ లైనుకు ఇంటి పైపును కలిపే ముక్క) నుంచి బయల్దేరి, నేరుగా పక్క మురుగు కాల్వలోంచి ఇంటికి వెళ్తుంది. జింకు పూత పూసిన ఇనుప పైపు (జీఐ) ఆ మురుగులో కొన్నేళ్లకే తుప్పు పట్టి సూది బెజ్జాలు పడుతుంది. మోటారు వేసిన క్షణం ఆ బెజ్జాలు మురుగు తాగుతాయి. మోటారు లేకపోయినా వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతూ అదే పని చేస్తుంది. 2018 మార్చిలో పాత గుంటూరులో, ఆనందపేట చుట్టుపక్కల, తాగే నీళ్లలో మురుగు కలిసి డయేరియా ప్రబలింది. పది మందికి పైగా ప్రాణాలు పోయాయి, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. నీళ్లు ట్యాంకు దగ్గర ఎంత శుభ్రంగా బయల్దేరినా ఇలాంటి వీధి దాటేలోపు విషం కావచ్చు. అందుకే ఖాళీ పైపు గురించి ఇంత పట్టుబడుతున్నాను.

పైపు ఎప్పుడూ నిండుగా, ప్రెషర్‌లో ఉండాలి. ఈ మాట అంటే "24 గంటలు వదిలితే చెరువు నెలకే ఎండిపోతుంది" అంటారు. నేను ఒప్పుకోను. రెండు రోజులకోసారి వచ్చే వీధిలో జనం భయంతో ఉన్న పాత్రలన్నీ నింపుతారు, కొత్త నీళ్లు రాగానే పాతవి పారబోస్తారు, ఎప్పుడొస్తాయో తెలియక కుళాయి తిప్పి ఉంచేస్తారు. ఎప్పుడు తిప్పినా వచ్చే చోట ఈ మూడూ ఆగిపోతాయి. ఒంగోలు అంతే ఉండే ఒడిశాలోని పూరీలో 2021 జులై నుంచి 24 గంటలూ కుళాయి నుంచి నేరుగా తాగే నీళ్లు ఇస్తున్నారు. ఇళ్లకు మీటర్లు పెట్టారు, జలసాథి పేరుతో మహిళలు ఇంటింటికీ వెళ్లి నీటి నాణ్యత చూసి, బిల్లులు ఇస్తారు. అది సముద్రపు ఒడ్డున, రథయాత్రకు లక్షల మంది దిగే ఊరు. అక్కడ అయింది ఇక్కడ కాదనడానికి కారణం కనిపించదు.

కష్టం లేదని అనను. పది మీటర్ల ప్రెషర్ దగ్గర అయిదు మిల్లీమీటర్ల బెజ్జం గంటకు 600 లీటర్లు కారుస్తుంది. రెండు రోజులకు గంట వదిలితే 600 పోతాయి, 24 గంటలూ వదిలితే రోజుకు 14 వేలు. అందుకని ఊరంతా ఒకేసారి తిప్పేస్తే తప్పకుండా మునుగుతారు. ఒక ట్యాంకు కింద 1,500 ఇళ్లు విడదీసి, చుట్టూ వాల్వులు కట్టేసి, మొదట్లో ఆ ప్రాంతానికి వెళ్లే నీళ్లన్నీ కొలిచే ఒకే బల్క్ మీటరు పెట్టాలి. రాత్రి 2 నుంచి 4 దాకా ఎంత నీరు లోపలికి పోతోందో చూడాలి. ఆ వేళ ఎవరూ వాడరు కాబట్టి పోయేదంతా దాదాపు కారుడే. వీధి వాల్వులు ఒక్కొక్కటే మూస్తూ పోతే ఏ వీధి మూసినప్పుడు మీటరు తగ్గిందో అక్కడే తవ్వాలి. తవ్వితే పగులు ఎక్కువగా మెయిన్ లైనులో ఉండదు, ఫెర్రూల్ దగ్గర, దాన్ని మెయిన్ లైనుకు బిగించే పట్టీ (సాడిల్) దగ్గర, ఇంటి పైపులో ఉంటుంది. వాటిని హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ పైపుతో మార్చి, మురుగు కాల్వ దాటే చోట కాల్వ పైనుంచి, ఇంకో లావు పైపు తొడుగులోంచి తీసుకెళ్లాలి. ఆ ప్రాంతం నిలబడ్డాకే పక్క ప్రాంతం.

ఈ పనికి శిలాఫలకం ఉండదు. కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఉంటుంది, అందుకే కొళాయిలు రాని వీధుల మధ్య కొత్త ట్యాంకులు లేస్తుంటాయి. పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు (ఏసీ) పైపుల మీదే సీసీ రోడ్డు పోసేస్తారు, వాల్వు చాంబరు మూతలు కాంక్రీటు కింద సమాధి అవుతాయి. ఏ వాల్వు ఎక్కడుందో, ఎన్ని చుట్లు తిప్పితే మెరక వీధికి అందుతుందో చాలా ఊళ్లలో కాగితం మీద ఉండదు. ముప్పై ఏళ్లు పనిచేసిన వాల్వు ఆపరేటరు తలలో ఉంటుంది, ఆయన రిటైరైన నెలలో సగం ఊరు గందరగోళం. ఆయన్ని రెండు నెలలు ముందే వీధివీధికీ తిప్పి, మ్యాపు గీయించుకోవడానికి కోట్లు అక్కర్లేదు.

మీరు ఇవాళ చేయగలిగినవి చెప్తాను. నీళ్లొచ్చే రోజు 15 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో మీ ఇంట్లో, రెండిళ్ల అవతల, వీధి మొదట్లో, ఒకే సమయంలో కొలిపించండి. పక్కింట్లో నిమిషానికి నిండి మీకు నాలుగు నిమిషాలు పడితే తప్పు మీ ఫెర్రూల్‌లోనో ఇంటి పైపులోనో ఉంది. ప్లంబరుకు చెప్పి, మున్సిపల్ అనుమతితో అది మార్పించుకోండి. వీధి చివరంతా ఒకేలా సన్నగా ఉంటే మోటార్లు పెట్టడమో, వాల్వు సగమే తెరవడమో కారణం, ఆ కొలతలు కాగితం మీద రాసి వార్డు సచివాలయంలో అమెనిటీస్ కార్యదర్శికి ఇవ్వండి. "నీళ్లు సరిగా రావట్లేదు" అన్న ఫిర్యాదు కన్నా "5:40కి 22వ ఇంట్లో బకెట్‌కు 240 సెకన్లు" అన్నది డిప్యూటీ ఇంజినీరు (డీఈ) దాకా వెళ్తుంది. క్లోరిన్ టెస్ట్ కిట్ కొని చివరి ఇంట్లో చూడండి. నీళ్లు మొదలైన పదో నిమిషం తర్వాత పట్టిన నీళ్లలో కూడా కిట్‌లో రంగు రాకపోయినా, మురుగు వాసన వచ్చినా ఆ రోజు నీళ్లు కాచి మాత్రమే తాగండి, వెంటనే ఫిర్యాదు చేయండి. మొదటి రెండు బిందెలు మొక్కలకు పోయండి. మోటారు లైనుకు పెట్టకండి. నేలకు తక్కువగా సంపు కట్టించి, గట్టు ఒక అడుగు పైకి లేపి, బాల్ వాల్వు బిగించి, మోటారు సంపు నుంచి మేడ మీదికి మాత్రమే పెట్టుకోండి. సంపు మట్టం కుళాయి కన్నా అయిదడుగులు కిందికి ఉంటుంది కాబట్టి, మీ చివరి ఇంటికి ఇప్పుడు రాని నీళ్లలో కొంతైనా దానిలోకి తనంతట తానే దిగుతుంది.