సింహమూ కనపడాలి, మనిషీ కనపడాలి
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

న్యూయార్క్‌లో మా అమ్మాయితో కలిసి ‘ది లయన్ కింగ్’ నాటకం చూసొచ్చిన సంగతి పోయిన నెల ఈ పేజీలో రాశాను. యానిమేషన్ సినిమాలు పాటల నాటకాలై స్టేజీ ఎక్కడం గురించి చాలామంది ఉత్తరాలు రాశారు. కొన్నిటికి ఈసారి జవాబులు. నన్ను కొత్తగా చదువుతున్నవారికి ఒక్కమాట: మాది తెనాలి. మా తాతయ్య పద్యనాటకాలకు మేకప్ వేసేవారు. అర్దళం వాసనలో, కిరీటాల పెట్టె పక్కన పెరిగాను. ఇప్పుడు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటూ ఒక స్కూలు నాటక బృందానికి దుస్తులు కుడుతున్నాను.

ప్రశ్న: సినిమాలో సింబా నిజం సింహంపిల్లలాగే గెంతుతాడు. నాటకం ఫొటోల్లో చూస్తే నటుల మొహాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అలా కనిపిస్తుంటే అది సింహమని పిల్లలు ఎలా నమ్ముతారు? ఒళ్లంతా సింహం వేషం వేసేస్తే సరిపోయేది కదా?
– ఒక టీచర్, హనుమకొండ

జవాబు: టీచర్‌గారూ, చూడకముందు నాదీ ఇదే అనుమానం. సినిమా వచ్చింది 1994లో, నాటకం బ్రాడ్‌వే (న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలున్న ప్రాంతం) మీద మొదలైంది 1997 నవంబరులో. దర్శకురాలు జూలీ టేమర్ మాస్క్‌ని మొహానికి తొడగలేదు, తల మీద పెట్టింది. మన రాముడి కిరీటం ఉన్నచోట సింబా తండ్రి ముఫాసా సింహం మొహం ఉంటుంది, దాని కింద నటుడి మొహం ఉంటుంది. కార్బన్ గ్రాఫైట్‌తో చేసిన మాస్కులు కాబట్టి బరువుండవు. సింబాకి దుష్ట బాబాయి స్కార్ వేషం వేసినాయన కోపంతో ముందుకి వంగితే మాస్క్ దిగి ఆయన మొహానికి ముందుకొస్తుంది. నిటారుగా నిలబడితే మళ్లీ తల మీదికి వెళ్లిపోతుంది. ఇప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి కళ్లముందే మృగం అవుతాడు, మళ్లీ మనిషవుతాడు. ఒళ్లంతా బొచ్చు వేషం వేస్తే ఈ మార్పు ఎక్కడ కనిపిస్తుంది?

జింకల సంగతి చెబుతాను. ఒక్కో డాన్సర్‌కి మూడు జింకలు. తల మీద ఒకటి, చేతికొకటి చొప్పున రెండు. ఆ మనిషి ఎగిరి అడుగు వేస్తే మూడు జింకలూ వంపు తిరిగి గెంతుతాయి. మా అమ్మాయికి ఏడేళ్లు. నా మోచెయ్యి పట్టుకుని “అమ్మా, ఎన్ని జింకలో!” అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. డాన్సర్లని ఒక్కసారీ లెక్కపెట్టలేదు. వాళ్లు దాక్కోలేదు, వెలుతురులోనే ఉన్నారు. అయినా దాని కళ్లు వాళ్లని పక్కన పెట్టేశాయి. పిల్లలకి ఇది మనం నేర్పక్కర్లేదు టీచర్‌గారూ. చీపురు పుల్లని గుర్రం చేసుకునే వయసు అది.

నన్ను ఏడిపించిన చోటు ఇంకొకటుంది. ముఫాసా చనిపోయాక ఆడసింహాలు వరసగా నిలబడతాయి. ఒక్కో నటి తన మాస్క్ కళ్లలోంచి పొడవాటి తెల్లటి గుడ్డపేలికల్ని మెల్లిగా కిందికి లాగుతుంది. అవే కన్నీళ్లు. గ్లిజరిన్ లేదు, లైట్ల మాయ లేదు. గుడ్డపేలిక అని తెలుస్తూనే ఉంటుంది, గొంతు పట్టేస్తుంది. రోజూ గుడ్డతోనే పనిచేసే దాన్ని, గుడ్డ ఇంత పని చేస్తుందని ఆ రోజే చూశాను. టేమర్ వయసులో ఉండగా కొన్నేళ్లు ఇండొనేషియాలో ఉండి అక్కడి బొమ్మలాటలూ నాటకాలూ దగ్గర్నించి చూసిన మనిషి. అనంతపురం వైపు నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసినవాళ్లకి ఈ పద్ధతి పరాయిగా అనిపించదు. తెర మీద పడేది నీడేనని అందరికీ తెలుసు, అయినా హనుమంతుడు వచ్చాడనే అంటాం. 1998లో ఈ నాటకానికే టేమర్‌కి బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు వచ్చింది. పాటల నాటకానికి దర్శకత్వంలో టోనీ అందుకున్న మొదటి మహిళ ఆమే.

ప్రశ్న: ఆ సినిమాలో ఎల్టన్ జాన్, టిమ్ రైస్ పాటలు ఐదే. నాటకంలో అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయని విన్నాను. గంటన్నర కథని రెండున్నర గంటలు చేయడానికి సాగదీయడమేనా ఇది?
– ఒక హార్మోనిస్టు, విశాఖపట్నం

జవాబు: సాగదీసినవీ ఉన్నాయండి, దాచడమెందుకు. రాజుగారికి పక్షి రోజువారీ సమాచారం చెప్పే చిన్న సన్నివేశాన్ని ‘లయన్ కింగ్’ నాటకంలో పాటగా పెంచారు. కథకి ఏమీ కలవలేదు. 2010లో బ్రాడ్‌వే ప్రదర్శనలోంచి తీసేశారు, ఎవరికీ లోటనిపించలేదు.

కానీ కొన్ని పాటలు లేకపోతే స్టేజీ మీద ఆ కథే నిలబడదు. మీరు హార్మోనియం మీద కూర్చునేవారు కాబట్టి మీకు వెంటనే తెలుస్తుంది. సినిమాలో రాకుమారుడి బాధ చూపాలంటే కెమెరా కళ్ల దగ్గరికి వెళుతుంది, చాలు. బాల్కనీలో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి ఆ కళ్లు కనిపించవు కదా! మన నాటకంలో అక్కడేం చేస్తాం? పద్యం ఎత్తుకుంటాం. మాట చాలని చోట రాగం అందుకుంటుంది.

1991 నాటి ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ సినిమాలో శాపంతో మృగమైన రాకుమారుడికి తనకంటూ ఒక పాట లేదు. 1994లో బ్రాడ్‌వే ఎక్కించినప్పుడు సంగీత దర్శకుడు అలన్ మెంకెన్, టిమ్ రైస్ కలిసి అతనికి ఒక పాట రాశారు. తన కోటకి వచ్చిన అమ్మాయిని కూడా ప్రేమించలేకపోతే ఇక నాకు దిక్కేముంది అని కుమిలిపోయే పాట. సరిగ్గా ఇంటర్వెల్ ముందు వస్తుంది. సినిమాలో మనం జాలిపడ్డ పాత్ర, స్టేజీ మీద నాయకుడైంది.

మెంకెన్‌తో ఆ సినిమా పాటలు రాసిన హోవర్డ్ ఆష్మన్ గురించి కూడా చెప్పాలి. సినిమా విడుదల కాకముందే, 1991 మార్చిలో, 40 ఏళ్లకే చనిపోయాడు. అదే శాపంతో సామాన్లుగా మారిన కోట నౌకర్లు మళ్లీ మనుషులమవుతాం అని ఆశపడుతూ పాడే పాటొకటి ఆయన రాశాడు. నిడివి ఎక్కువైందని సినిమాలో వాడలేదు. నాటకంలో అది బతికింది. అక్కడ బాగుందని 2002లో దానికి కొత్తగా బొమ్మలు గీసి సినిమాలోనే చేర్చారు. ‘అలాద్దీన్’లోనూ ఇంతే. తల్లి గర్వపడేలా బతుకుతాను అని కొడుకు పాడే పాట ఆయన రాశాడు. సినిమా కథలోంచి తల్లి పాత్ర పోయింది, దాంతోపాటు పాటా పోయింది. 2014లో బ్రాడ్‌వేకి వచ్చిన నాటకంలో అలాద్దీన్ చనిపోయిన తల్లిని తలుచుకుని ఆ పాట పాడతాడు. రాసినవాడు పోయిన ఇరవై ఏళ్ల పైచిలుకుకి ఆ పాటకి స్టేజీ దొరికింది. ఇది సాగదీత ఎలా అవుతుంది చెప్పండి?

ప్రశ్న: గాల్లో ఎగరడాలు, మాయలు మన సురభి వాళ్లు ఎప్పుడో చూపించారు. అమెరికావాళ్లు చేస్తే గొప్పా?
– ఒక పెద్దాయన, తెనాలి

జవాబు: బాబాయ్‌గారూ, మన ఊరివారు కాబట్టి ఆ పిలుపే వచ్చింది. సురభి గొప్పతనం దగ్గర నేను ఎవరికీ తగ్గను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై, తరాలు మారినా ఆగని కుటుంబాలు వాళ్లవి. చిన్నప్పుడు చూసిన మాయాబజార్‌లో లడ్డూలు వాటంతట అవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళుతుంటే, నేను తాతయ్య ఒళ్లోంచి లేచి నిలబడ్డాను.

అయితే దారులు రెండున్నాయి. సురభి తీగని దాస్తుంది, అందుకే మనం నోరు తెరిచి చూస్తాం. ‘అలాద్దీన్’ తివాచీదీ అదే దారి. చుక్కల మధ్య తేలుతుంటే ఎంత కళ్లు చికిలించినా ఆధారం దొరకదు. ‘ఫ్రోజెన్’లో మంచు శక్తి ఉన్న రాణి ఎల్సా పాడుతూ పాడుతూ ఉండగా పాత దుస్తులు ఒక్క క్షణంలో మాయమై మంచు గౌను మెరుస్తుంది. నేను దుస్తులు కుట్టేదాన్నే, కుట్టు ఎక్కడ విడిందో పట్టుకోలేకపోయాను. ‘లయన్ కింగ్’ మాత్రం తీగని చూపించి మరీ నమ్మిస్తుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. మీకు మొదటిది ఇష్టమైతే అందులో తప్పేమీ లేదు.

ప్రశ్న: ఇలాంటివన్నీ బాగా ఆడతాయా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: లేదు. ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ బ్రాడ్‌వేలో 2007 దాకా 5,461 ప్రదర్శనలు ఆడింది. 2008లో వచ్చిన ‘లిటిల్ మెర్‌మెయిడ్’ 685తో ఆగిపోయింది. నీళ్లలో ఈదుతున్నట్టు కనిపించాలని నటులకి మడమ కింద చక్రాలున్న బూట్లు తొడిగారు. ఈత కన్నా స్కేటింగే గుర్తొచ్చింది జనానికి. ‘ష్రెక్’ నాటకం కూడా ఏడాది పైన కొద్దిరోజులే నడిచింది. కానీ అందులో పొట్టి ప్రభువు పాత్రధారి నాటకమంతా మోకాళ్ల మీదే నడుస్తాడు. ముందు చిన్న బొమ్మకాళ్లు వేలాడుతుంటాయి, వాటితోనే డాన్సులు కూడా. ఆ మోకాళ్ల నొప్పి తలుచుకుంటే నాకు ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

ప్రశ్న: ఉగాదికి మా తెలుగు సంఘంలో పిల్లలతో ‘లయన్ కింగ్’ వేయాలనుకుంటున్నాం. మాటలు తెలుగులోకి మార్చి, పాటలు యూట్యూబ్‌లోంచి పెట్టేద్దామని మావాళ్లు అంటున్నారు. జంతువుల వేషాలు అద్దెకి దొరుకుతున్నాయి. 25 మంది పిల్లలున్నారు. టెన్షన్‌గా ఉంది, సలహా ఇవ్వండి.
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు కష్టమైన మాట చెప్పేస్తానమ్మా. అలా వేయకూడదు. టికెట్ పెట్టకపోయినా, సంఘం వాళ్లమే అనుకున్నా, నాటకానికి అనుమతి కావాల్సిందే. పిల్లల కోసం దీన్ని చిన్నగా చేసిన రూపాలు మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ దగ్గర దొరుకుతాయి. చిన్నపిల్లలకి 30 నిమిషాలది, కొంచెం పెద్దవాళ్లకి 60 నిమిషాలది. డబ్బు కడితే స్క్రిప్టు, వెనక వాయించే సంగీతం అన్నీ ఇస్తారు. అయితే ఇచ్చింది ఇచ్చినట్టే ఆడాలి. తెలుగులోకి మార్చాలంటే దానికి విడిగా రాతపూర్వక అనుమతి అడగాలి.

ఇక అద్దె వేషాలు. దయచేసి తేకండి. ఆరేళ్ల కిందట మా దగ్గర ఒక దసరా వేడుకకి ఎలుగుబంటి వేషం అద్దెకి తెచ్చాం. పెద్ద దూదితల, కళ్ల దగ్గర చిన్న జాలీ. లోపల తొమ్మిదేళ్ల పిల్లాడు. పాట సగంలో వాడికి దారి తెలియక స్టేజీ అంచు దాకా వచ్చేశాడు. వింగ్‌లోంచి పరిగెత్తి నడుం పట్టుకుని వెనక్కి లాగాను. తల తీసి చూస్తే చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. వాడు ఏడవలేదు. “ఆంటీ, మా అమ్మకి నేను కనిపించానా?” అని అడిగాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మీకు తెలుగులోనే వేయాలని ఉంటే సొంతంగా ఒకటి చేసుకోండి. పంచతంత్రంలో సింహం, కుందేలు కథ ఉంది కదా, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాటలు మీ సంగీతం టీచర్ కట్టగలరు. మాస్కులు అట్టతో చేసి, మొహానికి కాకుండా నుదుటి పైన టోపీలా కట్టండి. పిల్లల మొహాలు తల్లిదండ్రులకి కనిపించాలి. 25 మందిలో పది మందిని గడ్డిగా నిలబెట్టండి. ‘లయన్ కింగ్’లో డాన్సర్లు తల మీద గడ్డి పలకలు పెట్టుకుని నడిస్తే మైదానమంతా ఊగుతుంది. చిన్న పాత్ర ఇచ్చారని ఏ పిల్లా చిన్నబుచ్చుకోదు.

బావికి ఒక ఉపాయం చెబుతాను. ఆ నాటకంలో కరువు వచ్చినప్పుడు నీటిగుంటగా పరిచిన గుండ్రటి పట్టుగుడ్డని నేలలో రంధ్రంలోంచి కిందికి లాగేస్తారు. చూస్తూండగా నీళ్లు ఇంకిపోతాయి. మీ స్టేజీకి రంధ్రం ఉండదు కాబట్టి ఒక నీలం చీరని అడ్డంగా పట్టుకోండి, దాని వెనక అదే మాస్క్ కట్టిన రెండో పిల్లని కూర్చోబెట్టండి. సింహం తొంగి చూసినప్పుడు చీర కొంచెం దించితే నీళ్లలో నీడ లేస్తుంది. రెండో పిల్ల మొదటి పిల్ల ఏం చేస్తే అది చేయాలి. రిహార్సల్స్‌లో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. చీర మాత్రం సిల్కుది తీసుకోండి. కాటన్ అయితే నీళ్లలా కదలదు.

ప్రశ్న: వచ్చే నెల మా మనవడితో న్యూయార్క్ వస్తున్నాం. ‘లయన్ కింగ్’కి ఏ సీటు తీసుకోమంటారు? వాడికి ఆరేళ్లు.
– ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

జవాబు: ఆరేళ్లంటే సరైన వయసు. టైమ్స్ స్క్వేర్ పక్కన 45వ వీధిలో మిన్‌స్కాఫ్ థియేటర్. ఇంటర్వెల్‌తో కలిపి రెండున్నర గంటలు, కాబట్టి పగటి ఆట చూసుకోండి. ముందు వరసల కోసం పోటీపడక్కర్లేదు. కింది అంతస్తులో నడవ పక్క సీటు దొరికితే చాలు. మొదటి పాట ఎత్తుకోగానే మనవణ్ణి వెనక్కి తిరిగి చూడమనండి. జంతువులు ఆ నడవలోంచే వస్తాయి. నలుగురు మనుషులు లోపలుండి నడిపించే ఏనుగు మీ మోచేతికి తగిలేంత దగ్గరగా వెళుతుంది.