గుజ్జు కాగితం జాలీ మీదే చిరిగిపోతోందన్న ప్రశ్నకు సమాధానం

టీచర్ గారికి నమస్కారం. ఏడో తరగతి పిల్లలు పాత వార్తాపత్రికలతో చేసిన కాగితం జాలీ నుంచి తీయబోతే చిరిగిపోతోందనీ, నిలిచిన వాటి మీద ఇంకు పాకిపోతోందనీ రాశారు.

వార్తాపత్రికలో పీచు పొట్టిది. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే అది మరింత తెగిపోతుంది. కాబట్టి రాసేసిన నోటుపుస్తకాల కాగితాన్ని ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, నీళ్లు ఎక్కువగా పోసి ఆపి ఆపి తిప్పండి. రాజస్థాన్‌లోని సాంగానేరులో నూలు గుడ్డ పీలికలతో చేత్తో చేసే కాగితం గట్టిదనం ఆ నూలు పీచుదే అయినా, గుడ్డ పీలికలు ఇంటి మిక్సీలో నలగవు.

అసలు చిక్కు కాగితాన్ని జాలీ నుంచి తీసే పద్ధతిలో ఉంది. తడి పొరను వేళ్లతో ఒలవకూడదు. తడిపి పిండిన పాత పంచె ముక్కను ముడతలు లేకుండా పరిచి, దాని మీద జాలీ బిగించిన చట్రాన్ని బోర్లించి, జాలీ వెనుక నుంచి స్పాంజితో అద్దుతూ, పిండుతూ, నీళ్లు రావడం తగ్గేదాకా పీల్చి, తరువాత చట్రాన్ని ఒక అంచు నుంచి మెల్లగా లేపితే పొర గుడ్డకే అంటుకుంటుంది. గుడ్డతో సహా నీడన ఆరనివ్వండి.

ఇంకు పాకకుండా ఆరిన కాగితానికి పలుచని గంజి పూయాలి. పురుగు పట్టకుండా పుస్తకాలు కుట్టే బైండర్లు జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు గానీ, అది విషం కనుక పిల్లల దగ్గర వద్దు.

గుజ్జు నీళ్ల టబ్బు దగ్గర నలుగురైదుగురికి మించి నిలబెట్టకండి. మిగిలినవారు ఆరిన కాగితాలను నాలుగేసి మడిచి, మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు చేసి, నడిమి రంధ్రంలో మొదలుపెట్టిన దారాన్ని మిగతా రెండు రంధ్రాల గుండా తిప్పి తెచ్చి, అక్కడే ముడివేసి పుస్తకం కుట్టవచ్చు.