కేబుల్ తీసేసే ముందు అత్తగారి రిమోట్ చూడండి

ప్రశ్న: మాది గుంటూరు పట్టాభిపురం. నేను ప్రైవేటు బడిలో టీచర్ని, జీతం 18,000. మా వారు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా, జీతం 28,000. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చిన నెలలో ఆయనకు సగమే వస్తుంది. కేబుల్‌కు నెలకు 450, ఇంటర్నెట్‌కు పన్నుతో కలిపి 943 కడుతున్నాం. ఇవి కాక మూడు ఓటీటీలు ఉన్నాయి. ఒకదానికి ఏడాదికి 1,499, ఇంకోదానికి ఏడాదికి 899, మూడోదానికి నెలకు 199. కేబుల్ తీసేసి, డాలస్ నుంచి వస్తున్న మా ఆడపడుచు కొడుకుతో, టీవీకి తగిలించి యాప్‌లు, గేములు నడిపే ఎన్విడియా షీల్డ్ బాక్సు తెప్పిద్దామని మా వారు, ఇంటర్ మొదటి ఏడాది చదివే మా అబ్బాయి పట్టుదలగా ఉన్నారు. సినిమాలకు, గేములకు అదొక్కటే చాలంటున్నారు. బాక్సు 18,500, గేమ్ కంట్రోలర్ 5,500 అవుతుందట. గేముల కోసం నెట్ వేగం కూడా పెంచాలట, దానికి నెలకు మరో 354. మా టీవీ 2018లో కొన్నది, యాప్‌లు తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది. ఇంట్లో అత్తగారు, బీటెక్ చదివే అమ్మాయి కూడా ఉన్నారు. అమ్మాయికి నిరుడు గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ కొన్నాం. బ్యాంకులో మాకున్నది 30,000. కేబుల్ డబ్బు మిగులుతుంది కాబట్టి బాక్సు ఖర్చు దానంతట అదే తీరిపోతుందంటున్నారు. నిజమేనా? నెట్ బిల్లు కూడా జతచేస్తున్నాను.

జవాబు: నిజం కాదమ్మా. మీ వారు రోజూ చిట్టా రాసే మనిషి కాబట్టి అదే పద్ధతిలో చెబుతాను. కేబుల్ మానేస్తే ఏడాదికి మిగిలేది 5,400. బాక్సు, కంట్రోలర్ కలిపి 24,000. కేబుల్ డబ్బుతో అది తీరాలంటే 53 నెలలు దాటాలి. ఇంతవరకు ఆయన కూడా లెక్క వేసే ఉంటారు. రాయడం మరిచిన పద్దు మరొకటి ఉంది. నెట్ వేగం కోసం కట్టబోయే 354 ఏడాదికి 4,248 అవుతుంది. అది తీసేస్తే కేబుల్ మానేసినందుకు మీకు మిగిలేది 1,152 రూపాయలే. ఆ లెక్కన 24,000 వెనక్కి రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. అన్నేళ్లు ఏ బాక్సూ పనిచేయదు.

షీల్డ్ చెడ్డ వస్తువని కాదు. అమెరికాలో దాని ప్రో మోడల్ ధర 200 డాలర్లు. 2019లో వచ్చినా ఇప్పటికీ దాన్ని ఇష్టపడేవాళ్లు ఉన్నారు. దానికి నెట్ తీగ తగిలించే వేగవంతమైన లాన్ పోర్టు, రెండు యూఎస్‌బీ పోర్టులు ఉన్నాయి. హార్డ్‌డిస్కుల నిండా సొంత సినిమాలు, పెళ్లి వీడియోలు దాచుకుని ఇంట్లోని అన్ని టీవీల్లో చూసుకునేవారికి అది బాగా ఉపయోగపడుతుంది. మీ ఉత్తరంలో అలాంటి అవసరం ఒక్కటీ కనబడలేదు. పైగా విదేశం నుంచి చేతిసంచిలో వచ్చిన వస్తువు పాడైతే ఇక్కడ ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి?

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది మీ అత్తగారి సంగతి. ఇంత ఉత్తరంలో ఆమె గురించి ఒక్క ముక్కే ఉంది. మా ఇంట్లో 2022లో నేను ఇదే పని చేశాను. బ్రాడీపేటలో మా అమ్మ గదిలో కేబుల్ తీయించి, టీవీ వెనక గుచ్చితే నెట్ ద్వారా యాప్‌లు నడిపే స్ట్రీమింగ్ స్టిక్ పెట్టాను. పాత రిమోట్‌లో అంకెలు ఉండేవి. ఏ ఛానల్‌కు ఏ నంబరో అమ్మ వేళ్లకు తెలుసు. కళ్లజోడు లేకుండానే నొక్కేది. రెండో నంబరు మీట మీది అంకె పూర్తిగా అరిగిపోయినా ఆమెకు ఇబ్బంది ఉండేది కాదు. కొత్త రిమోట్‌లో అంకెలే లేవు. ఒక గుండ్రటి మీట, దాన్ని నాలుగు వైపులా జరిపి మధ్యలో నొక్కాలి. యాప్ తెరిస్తే చూసేది ఎవరని అడుగుతుంది. తర్వాత నిన్నటి సీరియల్ చూపిస్తుంది, ఇవాళ్టిది ఎక్కడుందో వెతుక్కోవాలి. మూడు రోజులు అమ్మ ఏమీ అనలేదు. నాలుగో రోజు సాయంత్రం ఏడున్నరకు చెప్పులు వేసుకుని సీరియల్ చూడటానికి పక్కింటికి వెళ్లింది. ఆ నెలాఖరుకు కేబుల్ మళ్లీ పెట్టించాను. నాలుగు వందలు మిగుల్చుకోవాలని ఆమె సాయంత్రాలు లాక్కున్నానే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇలాంటి ఉత్తరం వచ్చిన ప్రతిసారీ ఇంట్లో పెద్దవాళ్లు ఏం చూస్తారని ముందు అడుగుతాను.

పెద్దవాళ్ల అలవాటు ఒక్కటే కాదు, డబ్బు లెక్క కూడా ఇక్కడే తారుమారవుతుంది. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో ఉంటాయి. జీ తెలుగువి జీ5లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. కేబుల్ తీగ ఒక్కటి తెచ్చే నాలుగు ఛానళ్లకు ఇటు నాలుగు యాప్‌లు, నాలుగు చందాలు కావాలి. కేబుల్ మానేసిన ఇళ్లలో ఖర్చు పెరగడానికి ఒక కారణం ఇదే. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ పెట్టించుకుంటే నెలవారీ చందా ఉండదు కానీ, ఈ నాలుగు ఛానళ్ల కోసమైతే అది మీకు ఉపయోగపడదు.

కాబట్టి కేబుల్ తీయకండి, తగ్గించండి. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త విధానం అమల్లోకి వచ్చినప్పటి నుంచి ప్రతి పే ఛానల్‌కు విడి ధర ఉంది. మనకు కావలసినవే కోరి తీసుకునే హక్కు మనది. బొకేలో, అంటే కట్టగా అమ్మే ఛానళ్లలో, కలిపే ఛానల్ విడి ధర 19 రూపాయలు దాటకూడదని 2022 నవంబరులో సవరించారు. మీరు కడుతున్న 450 ఏదో పెద్ద బొకే ధర అయి ఉంటుంది. అందులో మీ ఇంట్లో ఎవరూ తెరవని పిల్లల ఛానళ్లు, పరభాషా సినిమా ఛానళ్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. మీ అత్తగారి పక్కన ఒక వారం కూర్చుని ఆమె నొక్కే నంబర్లు కాగితం మీద రాసుకోండి. నాలుగు ప్రధాన ఛానళ్లు ఒక్కోటి 19 చొప్పున 76, ఛానళ్ల ధర కాక ఆపరేటర్ తీసుకునే నెట్‌వర్క్ రుసుము 130, మొత్తం 206. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 243 రూపాయలు. ఎస్వీబీసీ ఉచిత ఛానలే, వార్తా ఛానళ్లూ చాలావరకు అంతే, వాటికి విడిగా ధర ఉండదు. నెట్‌వర్క్ రుసుము మీద ఉన్న గరిష్ఠ పరిమితిని 2024 జులైలో ఎత్తేశారు కాబట్టి మీ ఆపరేటర్ ఎంత తీసుకుంటున్నాడో అడిగి తెలుసుకోండి. విడి ఛానళ్లు ఇవ్వడం కుదరదని కొందరు మొదట అంటారు. జాబితా రాసిన కాగితం చేతికిచ్చి, రసీదు అడగండి, మాట మారుతుంది. ఇలా నెలకు 207, ఏడాదికి 2,484 మిగులుతాయి. అత్తగారి రిమోట్ ఆమె చేతిలోనే ఉంటుంది.

ఓటీటీల విషయానికి వస్తే, మీరు ఏడాదికి 899 కడుతున్నది మీ నెట్ ప్లాన్‌లోనే కలిసి ఉందమ్మా. జతచేసిన బిల్లులో రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఒకే వస్తువుకు రెండుసార్లు డబ్బు కడుతున్నారు. ఈసారి గడువు ముగిశాక దాన్ని పొడిగించకండి. నెలకు 199 దాన్ని ఏడాది పొడవునా ఉంచుకోవలసిన పని లేదు. దసరా, సంక్రాంతి సెలవులకు, వేసవిలో రెండు నెలలకు తీసుకుని మిగతా కాలం ఆపేస్తే 2,388 బదులు 796తో సరిపోతుంది. అయితే ఆపాలని మనసులో అనుకుంటే ఆగదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్లి చూడండి, ఏయే సంస్థకు మీరు అనుమతి ఇచ్చారో వరసగా ఉంటాయి. అక్కడ రద్దు చేయాలి. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ సందేశాలను ప్రకటనలనుకుని చెరిపేయకండి. కేబుల్‌లో 2,484, ఇక్కడ 899, 1,592 కలిపితే ఏడాదికి 4,975 మిగిలినట్టు.

ఇక మీ అబ్బాయి గేములు. ఆ వయసు పిల్లవాడి కోరికను తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. నలుగురూ ఉండే గదిలో పెద్ద తెర మీద ఆడుకుంటానంటున్నాడు, తలుపు వేసుకుని ఫోనులో ఆడటం కంటే అది వెయ్యి రెట్లు మేలు. అతనికి కావలసినది మీ ఇంట్లో ఇప్పటికే ఉంది, అక్క లాప్‌టాప్. షీల్డ్ లాంటి బాక్సు ఏదైనా సొంతంగా నడిపేది ఫోనులో ఉండేలాంటి ఆండ్రాయిడ్ గేములనే. కంప్యూటర్‌లో ఆడే పెద్ద గేములు టీవీ మీదికి రావాలంటే వాటిని ఇంకో యంత్రం నడపాలి. ఆ పనికి, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ కొట్టు వారి స్టీమ్ లింక్ యాప్ ఉంది, పూర్తిగా ఉచితం. లాప్‌టాప్‌లో గేమ్ నడుస్తుంది, బొమ్మ ఇంట్లోని రౌటర్ గుండా టీవీకి చేరుతుంది, కంట్రోలర్ నొక్కులు తిరిగి లాప్‌టాప్‌కు వెళతాయి. ఇదంతా ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేది. బయటి ఇంటర్నెట్ వేగంతో దీనికి సంబంధం లేదు. కాబట్టి నెలకు 354 పెంచడం దండగ. సినిమాలకు కూడా అవసరం లేదు. ఫుల్ హెచ్‌డీకి 5, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉంటే చాలు.

బొమ్మ ఆగి ఆగి రాకుండా ఉండాలంటే లాప్‌టాప్‌ను రౌటర్‌కు లాన్ తీగతో కలపాలి. టీవీకి మీరు కొనబోయే స్టిక్‌ను (దాని సంగతి కింద చెబుతాను) వైఫైలో 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టాలి. రౌటర్ ఇనుప బీరువా వెనక ఉంటే బయటికి తెచ్చి టీవీ ఉన్న గదిలో ఎత్తుగా పెట్టండి. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే అది పెడితే మీట నొక్కినదానికి, తెర మీద కదలికకు మధ్య ఆలస్యం తగ్గుతుంది. స్టీమ్‌లో కుటుంబం పేరిట ఆరుగురు వరకు చేరవచ్చు, ఒకరు కొన్న గేములు చాలావరకు మిగతావారూ ఆడుకోవచ్చు. ఏడాదిలో జూన్ నెలాఖరులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వచ్చే పెద్ద తగ్గింపుల దాకా ఆగితే అసలు ధరలో చిన్న భాగానికే దొరికే గేములు చాలా ఉంటాయి. అక్క పరీక్షల రోజుల్లో లాప్‌టాప్ అక్కదే. ఈ ఒప్పందం ఇద్దరితో ముందే చేయించండి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. టీవీలోని ఖాతాకు మీ కార్డును కలిపితే ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి, అది మీ దగ్గరే ఉంచుకోండి. డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. అలాంటి యాప్ ఇంట్లో ఏ ఫోనులో కనిపించినా తీయించేయండి. అలాగే, ఒక్కసారి డబ్బు కడితే జీవితాంతం అన్ని ఛానళ్లూ ఉచితమంటూ అమ్మే పేరులేని బాక్సులను ఇంటికి తేకండి. అవి దొంగ ప్రసారాలు. అందులో ఏమేం యాప్‌లు ముందే ఎక్కించారో మనకు తెలియదు, అలాంటిదానిలో మీ గూగుల్ ఖాతా తెరవడం ప్రమాదం.

పాత టీవీ నెమ్మదిగా ఉందన్నారు కదా, దానికి కొత్త టీవీ కొనక్కర్లేదు. పేరున్న సంస్థ స్ట్రీమింగ్ స్టిక్ 5,000 లోపు చూడండి. కొనేముందు అందులో స్టీమ్ లింక్ ఎక్కుతుందని కొట్టులోనే చూపించమనండి. పైన చెప్పిన ఆదాతో దాని ఖర్చు తొలి ఏడాదిలోనే తీరుతుంది.

మీ 30,000 గురించి ఇంకా చెప్పాలి. బాక్సు, కంట్రోలర్ కొంటే అందులో మిగిలేది 6,000. యార్డు సెలవుల నెలలో మీ వారి జీతంలో 14,000 తగ్గుతుంది. మీ బడి వేసవి నెలలకు జీతం ఇస్తుందో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఆ ఒక్క నెలలోనే లోటు 32,000. యార్డు సెలవులు ఏటా వచ్చేవే, వాటికైనా ముందే సిద్ధపడవచ్చు. చెప్పకుండా వచ్చే ఆపదకు అలా కుదరదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఎన్నో ఇళ్లలో ఒక్క పూటలో ఫ్రిజ్జులు, మంచాలు, టీవీలు నీళ్లలో మునిగాయి. ఆ వారం చేతిలో డబ్బున్న ఇంటికీ, లేని ఇంటికీ తేడా నేను కళ్లారా చూశాను. ఆ 30,000లో స్టిక్ కోసం 5,000 మించి తీయవద్దు. మొదటి ఏడాది ఆదాతో ఆ గుంటను పూడ్చండి. రెండో ఏడాది నుంచి నెలకు 400 పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి. ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీతో అయిదేళ్లకు సుమారు 28,500 చేతికొస్తుంది. మీకు జీతం పడిన మర్నాడే కట్టేలా పెట్టుకోండి, నెలాఖరు దాకా ఆగితే ఆ 400 కనబడదు.

మీ వారితో మాట్లాడేటప్పుడు ఈ అంకెలు ఆయన పుస్తకంలో ఆయన చేత్తోనే రాయించండి. అబ్బాయికి డాలస్ కంట్రోలర్ బదులు ఇక్కడే రెండు వేలలో బ్లూటూత్‌ది చూడండి. ఆ డబ్బు నెలకు కొంత చొప్పున రెండు మూడు నెలల జీతాల్లోంచి పక్కన పెట్టి, పుట్టినరోజుకు కొనివ్వండి. లాన్ తీగ లాగడం, స్టీమ్ లింక్ కుదర్చడం అక్కాతమ్ముళ్లకే అప్పగించండి. స్టిక్‌కూ కంట్రోలర్‌కూ బిల్లు గుంటూరు కొట్టుదే తీసుకుని, తెరిచిన డబ్బాలతో సహా ఏడాది పాటు బీరువాలో ఉంచండి. పాడైతే పట్టుకెళ్లి చూపించడానికి మనిషి ఉంటాడు.